గురువారం ఆవిరి

మా కాగితం మిల్లులో మీటింగు శుక్రవారం ఉదయం.
నిర్ణయాలు మాత్రం గురువారం రాత్రి,
నది ఒడ్డున సౌనాలో, పై మెట్టు మీద.

ఐదుగురం.
ఇరవై రెండేళ్లుగా అవే ఐదు తుండుగుడ్డలు.
ఎన్సియో గరిటెతో నీళ్లు చల్లుతాడు,
కాలిన రాళ్లు బుస్సుమంటాయి.
ఆ బుసలో ఎవరో అంటారు:
మూడో మెషీన్‌కి ఫోర్‌మన్‌గా మన తైస్తోని వేద్దాం.
ఎవరైనా అవునన్నారో లేదో గుర్తుండదు.
కాదన్నవాడు అసలే ఉండడు.
తెల్లారేసరికి
అది జరిగిపోయిన సంగతి.

మేం ఎవరినీ రావద్దనలేదు.
తలుపు మీద ‘పురుషులకు’ అని
మిల్లు కట్టినప్పుడే ఎవరో రాశారు, మేం కాదు.
కంపెనీ పంపిన శిక్షకురాలికీ ఇదే చెప్పాను.
ఆమె తెల్లబోర్డు మీద వలయాలు గీసింది.
మేం చేతులు కట్టుకుని
కిటికీలోంచి మంచు తోసే బండిని చూశాం.
గురువారం కదా, మధ్యాహ్నం బఠాణీ సూపు.
అది మాత్రం బాగా గుర్తుంది.

హోదాన్ గురించి చెప్పాలి.
ప్రాసెస్ ఇంజనీరు. తుర్కులో పుట్టింది.
ఆమె ఫిన్నిష్ పుస్తకంలా ఉంటుంది,
నాది అడవి అంచు యాస.
సోమవారం అంది: ఆరబెట్టే సిలిండర్ దగ్గర
బేరింగు మూలుగుతోంది.
బుధవారం మళ్లీ అంది, కాగితం మీద రాసిచ్చింది.
శుక్రవారం మీటింగులో అంది.
ఎన్సియో ఇంకొంచెం కాఫీ పోసుకున్నాడు.
పది నిమిషాలాగి వాడే అన్నాడు,
“నా చెవికెందుకో ఆ బేరింగు తేడాగా ఉంది.”
తలలూపాం.
మొదట ఊగిన తల నాదే.

సోమవారం చూద్దామనుకున్నాం.
ఆదివారం రాత్రి పగిలింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు,
అందుకే ఎవరూ ఏమీ నేర్చుకోనక్కర్లేకపోయింది.
మోకాళ్ల లోతు చింపిరి కాగితంలో
ఈదుకుంటూ వెళ్లి చూస్తే
ఇనుప పెట్టె మీద సుద్దతో మూడు గీతలు,
పక్కన మూడు తేదీలు. చిన్న అక్షరాలు.

చుట్టల్ని తూచే మిల్లు మాది,
గ్రాము తేడా రానివ్వం.
మాటల్ని మాత్రం
మోసుకొచ్చినవాడి ముఖం చూసి తూచాం.
ఆ తక్కెడ నా చేతిలో ఉందని తెలీదంటే నమ్ముతారా?
జనవరి చలిలో మొద్దుబారిన చెయ్యి
ఏం పట్టుకుందో దానికి తెలీదు.

తర్వాతి గురువారం పై మెట్టు మీద అన్నాను:
ఇక్కడ ఇకమీదట మిల్లు మాటలొద్దు.
చేపల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, అంతే.
ఎన్సియో గరిటె దించాడు.
“రైమో, నీకా వలయాల జబ్బు అంటుకుందా?”
తుండు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.
తైస్తో మాత్రం కార్ల దగ్గర, చీకట్లో,
మెల్లగా అడిగాడు:
“అయితే నేనెలా ఫోర్‌మన్ అయ్యాను?”
తాళంచెవి వెతుక్కుంటున్నట్టు నటించాను.

శుక్రవారం హోదాన్ ఏదో మొదలుపెట్టింది.
ఎన్సియో అడ్డొచ్చాడు, ఎప్పటిలాగే.
“ఆమె చెప్పడం పూర్తి కాలేదు” అన్నాను.
నాలుగే మాటలు.
సౌనా లేకుండా నాకు చెమట పట్టడం అదే మొదలు.

మీటింగు అయ్యాక
మెషీన్ పక్కన కాసేపు నిలబడ్డాను.
దాచడమెందుకు, థాంక్స్ కోసమే.
ఆమె చేతితొడుగులు లాక్కుంటూ వచ్చింది.
“నా మాట నాకిచ్చారు, బాగుంది.
వసంతంలో సూపరింటెండెంట్ పోస్టు ఖాళీ అవుతుంది.
నేను అప్లై చేస్తున్నాను.
ఆ రోజు మీరెటు కూర్చుంటారు?”
జవాబు కోసం ఆగలేదు,
చెవులకు మఫ్‌లు తగిలించుకుని
ఆ రొదలోకి వెళ్లిపోయింది.

ఈ గురువారం పొయ్యి నేనే వెలిగించాను.
పై మెట్టు మీద నలుగురం.
చేపల గురించి మాట్లాడుకుందామన్నాం.
చాలాసేపటిదాకా
ఎవరికీ ఒక్క చేపా గుర్తు రాలేదు.